మిల్లీమీటర్‌ లెక్క తేలింది.. మరి జీతం లెక్క?

2023 ఆగస్టు 6, ఆదివారం. కూకట్‌పల్లిలోని మా హాస్టల్లో అందరూ మెస్‌ బిర్యానీ తిని పడుకున్నారు. నేను మాత్రం ఫోన్‌ని వాటర్‌ బాటిల్‌కి ఆనించి మెల్‌బోర్న్‌లో జరుగుతున్న మ్యాచ్‌ చూస్తున్నా. మహిళల ఫుట్‌బాల్‌ వరల్డ్‌ కప్‌, ప్రీక్వార్టర్స్‌. ఒకవైపు అమెరికా. 2015లో, 2019లో వరసగా కప్పు కొట్టిన టీమ్‌. ఏ వరల్డ్‌ కప్‌లోనూ మూడో స్థానం కంటే కిందికి దిగని టీమ్‌. రెండోవైపు స్వీడన్‌.

90 నిమిషాల్లో గోల్‌ లేదు. అదనంగా ఇచ్చిన 30 నిమిషాల్లోనూ లేదు. స్వీడన్‌ గోల్‌కీపర్‌ జెచీరా ముసోవిచ్‌ 11 షాట్లు ఆపింది. చివరికి పెనాల్టీ షూటౌట్‌. స్వీడన్‌ తరఫున ఏడో కిక్‌ కొట్టడానికి లీనా హుర్టిగ్‌ వచ్చింది. అమెరికా గోల్‌కీపర్‌ అలిస్సా నేహర్‌ కరెక్ట్‌గా అటే దూకింది. చేతికి తగిలిన బంతి గాల్లోకి లేచి, గిర్రున తిరుగుతూ గోల్‌ గీత వైపే పడింది. నేహర్‌ వెల్లకిలా పడి ఉండే ఇంకోసారి చెయ్యి చాచి బయటికి తోసేసింది. ‘ఆపేశా’ అన్నట్టు చేతులూపింది. ‘గోల్‌ అయింది చూడండి’ అంటూ హుర్టిగ్‌ గోల చేసింది.

ఫ్రాన్స్‌కి చెందిన రిఫరీ స్టెఫానీ ఫ్రాపార్‌ చేతి వాచీ చూసుకున్నారు. గోల్‌!

తర్వాత స్క్రీన్‌ మీద గ్రాఫిక్‌ వేశారు. గీతకీ బంతికీ మధ్య వెంట్రుకంత సందు. ఫుట్‌బాల్‌లో బంతి మొత్తం, గీత మొత్తాన్ని దాటితేనే గోల్‌. అది దాటింది. ఎంత? మిల్లీమీటర్లలో. ఆ కాస్త దూరానికి డిఫెండింగ్‌ చాంపియన్‌ సామాను సర్దుకుంది. మేగన్‌ రపీనో లాంటి స్టార్‌కి అదే ఆఖరి వరల్డ్‌ కప్‌ మ్యాచ్‌ అయింది.

నేను ఇంజినీరింగ్‌ చదివిన దాన్ని కాబట్టి మ్యాచ్‌ కంటే ఆ గ్రాఫిక్‌ దగ్గరే ఆగిపోయా. స్టేడియం చుట్టూ పైన బిగించిన హైస్పీడ్‌ కెమెరాలు బంతిని అన్ని కోణాల నుంచీ వెంబడిస్తుంటాయి. సాఫ్ట్‌వేర్‌ ఆ దృశ్యాలన్నీ కలిపి బంతి ఎక్కడుందో త్రీడీలో లెక్క కడుతుంది. గీత దాటితే సెకనులోపే రిఫరీ వాచీకి సిగ్నల్‌ వెళ్తుంది. అదే టోర్నీలో వాడిన బంతి లోపల ఒక సెన్సర్‌ ఉంది. బంతి కదలికను సెకనుకి 500 సార్లు పంపిస్తుంది. ఆఫ్‌సైడ్‌ తేల్చడానికి ఒక్కో క్రీడాకారిణి ఒంటి మీద 29 పాయింట్లను సెకనుకి 50 సార్లు గుర్తిస్తారు. అంతకు ఏడు నెలల ముందు ఖతార్‌లో జరిగిన మగవాళ్ల వరల్డ్‌ కప్‌లో వాడింది కూడా ఇదే టెక్నాలజీ. అదే కొలత, అదే రూలు, అదే సైజు గోల్‌ పోస్టు.

తేడా ఎక్కడంటే బహుమతి డబ్బులో. మగవాళ్ల టోర్నీకి 44 కోట్ల డాలర్లు. ఆడవాళ్ల టోర్నీకి 11 కోట్ల డాలర్లు. సరిగ్గా పావు వంతు. అది కూడా 2019లో ఇచ్చిన 3 కోట్ల డాలర్ల మీద మూడున్నర రెట్లకు పైగా పెంచాక!

బాండ్‌ ఉంది.. అడగాలంటే భయం

ఎప్పటిదో మ్యాచ్‌ ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా కాలేజీ జూనియర్‌ ఒకమ్మాయి ఫోన్‌ చేసింది. ‘అక్కా, ఆఫర్‌ లెటర్‌ వచ్చింది’ అంది. కంగ్రాట్స్‌ చెప్పా. అటువైపు హుషారు లేదు. ‘రెండేళ్ల బాండ్‌ ఉందక్కా. ఒరిజినల్‌ సర్టిఫికెట్లు ఇచ్చెయ్యాలట. సీటీసీలో వేరియబుల్‌ అని ఏదో రాశారు. జాయినింగ్‌ డేట్‌ లేదు. అడుగుదామంటే ఆఫర్‌ క్యాన్సిల్‌ చేస్తారేమోనని భయంగా ఉంది’ అంది.

నాకు నవ్వు రాలేదు. 2019లో నా ఆఫర్‌ లెటర్‌ 14 పేజీలు. నేను చదివింది ఒకే ఒక్క పేజీ, జీతం రాసి ఉన్నది. ‘ముందు సంతకాలు పెట్టేయండి, డౌట్లు తర్వాత’ అని ప్లేస్‌మెంట్‌ ఆఫీసులో తొందర పెట్టారు. పెట్టేశా. జాయినింగ్‌ కోసం ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నా. ‘మీ అమ్మాయి ఉద్యోగంలో ఎప్పుడు చేరుతోంది?’ అని అమ్మని అడిగిన చుట్టాలకి ప్రతిసారీ ‘వచ్చే నెలే’ అని చెప్పించా. చేరాక మొదటి నెల చేతికొచ్చిన డబ్బు చూసి అకౌంట్స్‌ వాళ్లు పొరపడ్డారనుకున్నా. వాళ్ల పొరపాటేం లేదు. అంతా ఆ 13 పేజీల్లో రాసే ఉంది.

జూనియర్‌కి ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. ‘అడుగు, ఏం కాదు’ అనడం తేలిక. పోయేది నా ఆఫర్‌ కాదుగా! ‘రేపు చెప్తా’ అని పెట్టేశా. ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఈ వరల్డ్‌ కప్పే. ఎందుకంటే నాకు తెలిసి పని షరతుల గురించి ఇంత గట్టిగా, ఇంత బహిరంగంగా, ఇన్ని దేశాల్లో ఒకేసారి అడిగిన ఉద్యోగులు మరొకరు లేరు. అవును, ఉద్యోగులే. జెర్సీ వేసుకున్నంత మాత్రాన ఇంటి అద్దె కట్టాల్సిన పని తప్పదు కదా.

21 వేల డాలర్ల టీమ్‌

2015 సంగతి. ఆస్ట్రేలియా మహిళల జట్టుని ముద్దుగా ‘మాటిల్డాస్‌’ అంటారు. ఆ ఏడాది కెనడాలో జరిగిన వరల్డ్‌ కప్‌లో బ్రెజిల్‌ని ఓడించి క్వార్టర్‌ఫైనల్‌ దాకా వెళ్లొచ్చారు. వాళ్ల కాంట్రాక్టు ఏడాదికి 21 వేల ఆస్ట్రేలియన్‌ డాలర్లు. ఆ దేశంలో ఎవరికైనా ఇవ్వాల్సిన కనీస వేతనం కన్నా తక్కువ. పైగా కాంట్రాక్టు గడువు తీరిపోయి, ఆ కొంచెమూ ఆగిపోయింది.

సెప్టెంబరులో అమెరికాతో రెండు మ్యాచ్‌లు ఉన్నాయి. ప్రపంచ చాంపియన్లతో, వాళ్ల దేశంలో, పెద్ద స్టేడియాల్లో. ఏ ఆటగత్తె అయినా ఎగిరి గంతేసే అవకాశం. మాటిల్డాస్‌ వెళ్లం అన్నారు. టూర్‌ రద్దయింది.

అప్పట్లో వాళ్లని తిట్టినవాళ్లు తక్కువేం కాదు. కానీ రెండు నెలల్లో కొత్త ఒప్పందం కుదిరింది. నాలుగేళ్ల తర్వాత, 2019 నవంబరులో ఇంకో ఒప్పందం. జాతీయ జట్ల ద్వారా వచ్చే ఆదాయంలో ఆటగాళ్ల వాటా మగవాళ్లకీ ఆడవాళ్లకీ సమానం. విదేశాలకి వెళ్లేటప్పుడు మగవాళ్ల జట్టులాగే బిజినెస్‌ క్లాస్‌ టికెట్‌. ఇదేదో విలాసం అనుకోకండి. ఆస్ట్రేలియా నుంచి దూర దేశాలకి వెళ్లాలంటే పదిహేను, ఇరవై గంటలు కూర్చోవాలి. దిగిన రెండు రోజులకే 90 నిమిషాలు పరిగెత్తాలి. అది కూడా పని వాతావరణమే.

అదే జట్టు 2023లో సొంత గడ్డ మీద ఆడింది. ఫ్రాన్స్‌తో క్వార్టర్‌ఫైనల్లో షూటౌట్‌ 20 కిక్కుల దాకా సాగింది. మగవాళ్ల టోర్నీలతో కలిపి చూసినా వరల్డ్‌ కప్‌ చరిత్రలో అంత పొడవైన షూటౌట్‌ లేదు. ఇంగ్లండ్‌తో సెమీస్‌లో 1-3తో ఓడిపోయారు. కానీ ఆ మ్యాచ్‌ని ఆస్ట్రేలియాలో సగటున 70 లక్షల మందికి పైగా టీవీల్లో చూశారు. 2001లో ఇప్పటి రేటింగ్‌ పద్ధతి వచ్చాక ఆ దేశంలో ఎక్కువమంది చూసిన కార్యక్రమం అదే. ఆ దేశ జనాభాయే రెండున్నర కోట్ల పైచిలుకు!

సరిగ్గా ఈ టోర్నీ మొదలయ్యే ముందు మాటిల్డాస్‌ ఒక వీడియో వదిలారు. ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం. మేం సాధించుకున్నవి ఇవీ, కానీ ఇదే కప్పుకి మాకు ఇప్పటికీ మగవాళ్ల బహుమతిలో పావు వంతే అని. సొంత దేశంలో పండగ మొదలవుతుంటే ఇదేం గొడవ అనుకున్నారు కొందరు. నాకైతే టైమింగ్‌ అదిరింది అనిపించింది. అందరూ మన వైపే చూస్తున్నప్పుడు కాక ఇంకెప్పుడు చెప్తారు?

‘ఇస్తాం’ వేరు, చేతికి రావడం వేరు

2022 అక్టోబరులో 25 దేశాల జట్లకి చెందిన 150 మంది క్రీడాకారిణులు ఫిఫాకి ఒక ఉత్తరం రాశారు. ఆటగాళ్ల ప్రపంచ సంఘం ఫిఫ్‌ప్రో దాన్ని అందించింది. మగవాళ్లతో సమానమైన సౌకర్యాలు కావాలి, బహుమతి సొమ్ములో కచ్చితమైన వాటా నేరుగా ఆటగత్తెలకి చేరాలి. ఇవీ వాళ్లు అడిగినవి.

ఫలితం వచ్చింది. గ్రూప్‌ దశలోనే ఇంటికెళ్లినా సరే ఒక్కొక్కరికీ 30 వేల డాలర్లు. మన లెక్కలో అప్పటికి సుమారు 25 లక్షల రూపాయలు. చాంపియన్‌ అయితే ఒక్కొక్కరికి 2 లక్షల 70 వేల డాలర్లు. టోర్నీ అయ్యాక ఫిఫ్‌ప్రో చేసిన సర్వేలో, ఫుట్‌బాల్‌ మీద ఏడాదంతా కలిపి 30 వేల డాలర్ల లోపే సంపాదిస్తున్నామని ముగ్గురిలో ఒకరు చెప్పారు. అంటే చాలామందికి ఆ ఒక్క నెల డబ్బు ఏడాది జీతం కన్నా ఎక్కువన్నమాట.

ఇక్కడే మన సీటీసీ లాంటి మెలిక ఒకటుంది. టోర్నీకి ఒక్క రోజు ముందు ఫిఫా అధ్యక్షుడు జియాని ఇన్ఫాంటినో ఆక్లాండ్‌లో మాట్లాడుతూ, డబ్బు మేం నేరుగా ఇవ్వం, ఆయా దేశాల సంఘాల ద్వారానే వెళ్తుంది అన్న అర్థంలో చెప్పారు. అప్పటికే నైజీరియా, దక్షిణాఫ్రికా ఆటగత్తెలు తమ సంఘాలతో డబ్బుల దగ్గర గొడవ పడుతున్నారు. అంకె పెద్దదే. కానీ ఎవరి చేతి మీదుగా, ఎప్పుడు, ఏ కాగితం ప్రకారం? ఆఫర్‌ లెటర్‌లో ‘వేరియబుల్‌ పే’ పక్కన మనం వెయ్యాల్సిన ప్రశ్నలు కూడా అచ్చం ఇవే.

దక్షిణాఫ్రికా కథ వింటే సినిమా అనుకుంటారు. వరల్డ్‌ కప్‌కి వెళ్లేముందు ఇంటి దగ్గర బోట్స్‌వానాతో వీడ్కోలు మ్యాచ్‌. మైదానం బాగాలేదు, డబ్బు సంగతి కాంట్రాక్టులో రాయలేదు అని ఆటగత్తెలు దిగలేదు. సంఘం అప్పటికప్పుడు వేరేవాళ్లని పోగేసి ఆడించింది. అందులో 13 ఏళ్ల పాప కూడా ఉంది. 0-5తో ఓడారు. తర్వాత ఒక ఫౌండేషన్‌ 60 లక్షల రాండ్‌లు ఇస్తానని ముందుకొచ్చాకే సమస్య తీరింది. నెల తిరక్కుండా అసలు జట్టు ఇటలీని 3-2తో ఓడించింది. 92వ నిమిషంలో థెంబీ క్గత్లానా కొట్టిన గోల్‌తో తొలిసారి నాకౌట్‌కి చేరింది.

జమైకా ఇంకో తీరు. సంఘం దగ్గర డబ్బుల్లేవు. ఒక క్రీడాకారిణి వాళ్ల అమ్మ ఇంటర్నెట్‌లో చందాలు మొదలుపెట్టారు. ఆ టీమ్‌ ఫ్రాన్స్‌నీ బ్రెజిల్‌నీ గోల్‌ కొట్టనివ్వకుండా 0-0తో ఆపింది. బ్రెజిల్‌ గ్రూప్‌ దశలోనే అవుట్‌. ఆరు వరల్డ్‌ కప్‌లు ఆడిన మార్తా కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది.

అడిగి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు

ఇక్కడిదాకా చదివి ‘అడిగితే చాలు, అన్నీ వచ్చేస్తాయి’ అనుకుంటే నేను మిమ్మల్ని మోసం చేసినట్టే. కాబట్టి అవతలి వైపు కూడా చూడండి.

డెన్మార్క్‌. 2017 యూరో రన్నరప్‌. అదే ఏడాది అక్టోబరులో జీతాల ఒప్పందం తేలక స్వీడన్‌తో వరల్డ్‌ కప్‌ క్వాలిఫయర్‌ మ్యాచ్‌ రద్దయింది. నిర్వాహకులు స్వీడన్‌ 3-0తో గెలిచినట్టు రాసేశారు. తర్వాత డెన్మార్క్‌ ప్లేఆఫ్‌లో ఓడి, 2019 వరల్డ్‌ కప్‌ని ఇంట్లో కూర్చుని చూసింది.

నార్వే స్టార్‌ ఆదా హెగర్‌బర్గ్‌. ఆడవాళ్లకి మొట్టమొదటి బాలన్‌ డోర్‌ అవార్డు 2018లో అందుకుంది ఈమే. మహిళల ఆటని తమ సంఘం పట్టించుకునే తీరు నచ్చక 2017లోనే జాతీయ జట్టుకి దూరంగా జరిగింది. 2019 వరల్డ్‌ కప్‌ ఆడలేదు. 2022లో తిరిగొచ్చింది. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న రోజుల్లో ఐదేళ్లు దేశం జెర్సీ వేసుకోలేదు. ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

ఇక స్పెయిన్‌. 2022 సెప్టెంబరులో 15 మంది క్రీడాకారిణులు తమ సంఘానికి మెయిల్స్‌ పంపారు. 15 మెయిల్స్‌లోనూ ఒకే మాటలు. జట్టులో పరిస్థితులు తమ మానసిక స్థితినీ ఆరోగ్యాన్నీ దెబ్బ తీస్తున్నాయి, అవి మారేదాకా తమని ఎంపిక చేయొద్దు అని. సంఘం ఏమందో తెలుసా? తప్పు ఒప్పుకొని క్షమాపణ చెబితేనే మళ్లీ జట్టులోకి అని ప్రకటన ఇచ్చింది. కోచ్‌ హోర్హే విల్డా కదల్లేదు.

పదకొండు నెలల తర్వాత సిడ్నీలో 75,784 మంది ముందు స్పెయిన్‌ వరల్డ్‌ కప్‌ గెలిచింది. 29వ నిమిషంలో ఓల్గా కార్మోనా గోల్‌, ఇంగ్లండ్‌ మీద 1-0. ఆ 15 మందిలో కప్పు ఎత్తిన జట్టులో ఉన్నది ముగ్గురే: ఐతానా బొన్‌మతి, ఓనా బాట్లే, మారియోనా కల్దెంతే. మాపీ లియోన్‌, పాత్రీ గిహారో లాంటి ప్రపంచ స్థాయి ఆటగత్తెలకి ఆ పతకం లేదు.

మరి వాళ్ల మెయిల్స్‌ వృథాయేనా? కథ ఇంకా అవ్వలేదు. ఆ పతకాల వేదిక మీదే సంఘం అధ్యక్షుడు లూయిస్‌ రుబియాలెస్‌, జెన్నీ ఎర్మోసోకి ఆమె ఒప్పుకోలు లేకుండా పెదాల మీద ముద్దు పెట్టాడు. ప్రపంచమంతా లైవ్‌లో చూసింది. రాజీనామా చేసేది లేదని మొదట మొండికేశాడు. ఈసారి 81 మంది సంతకం చేశారు. ఈ నాయకత్వం ఉన్నంతకాలం దేశానికి ఆడం అని. కప్పు గెలిచిన 23 మందీ అందులో ఉన్నారు. రెండు వారాల్లో కోచ్‌ పోయాడు. ఆ వెంటనే అధ్యక్షుడు దిగిపోయాడు. 2025 ఫిబ్రవరిలో కోర్టు అతన్ని లైంగిక దాడి కింద దోషిగా తేల్చి 10,800 యూరోల జరిమానా వేసింది. 15 మంది అడిగినప్పుడు కదలనిది 81 మంది అడిగితే కదిలింది. కాకపోతే కెమెరా ముందు జరిగింది కాబట్టి కదిలిందా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

లెక్కలతో కొట్టారు

అమెరికా అమ్మాయిల పద్ధతి మనలాంటి డేటా పిచ్చోళ్లకి బాగా నచ్చుతుంది. 2019 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజే, 28 మంది తమ సంఘం మీద కోర్టుకెళ్లారు. ‘మగవాళ్ల ఆటకే ఆదాయం ఎక్కువ, అందుకే జీతమూ ఎక్కువ’ అనేది ఎప్పుడూ వినిపించే జవాబు. సంఘం ఆడిట్‌ లెక్కలే బయటికి తీస్తే 2016 నుంచి 2018 వరకు మహిళల మ్యాచ్‌ల ఆదాయం 5.08 కోట్ల డాలర్లు, మగవాళ్ల మ్యాచ్‌లది 4.99 కోట్ల డాలర్లు అని తేలింది. ఆ జులైలో లియాన్‌ నగరంలో వాళ్లు కప్పు గెలిచినప్పుడు స్టేడియం మొత్తం ‘ఈక్వల్‌ పే’ అని అరిచింది.

అయినా 2020 మేలో జడ్జి జీతాల కేసు కొట్టేశారు. వాళ్లు వదల్లేదు. 2022 ఫిబ్రవరిలో 2.4 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. అదే ఏడాది మేలో వచ్చిన ఒప్పందమైతే నాకు ఇప్పటికీ వింతే. మగవాళ్ల వరల్డ్‌ కప్‌లో వచ్చినదీ, ఆడవాళ్ల వరల్డ్‌ కప్‌లో వచ్చినదీ ఒకే హుండీలో వేసి రెండు జట్లూ సమానంగా పంచుకోవాలి. ఖతార్‌లో అమెరికా మగవాళ్లు ప్రీక్వార్టర్స్‌లో ఓడి 1.3 కోట్ల డాలర్లు తెచ్చారు. అందులో మహిళల జట్టు వాటా, 2019లో ఏకంగా కప్పు గెలిచినందుకు వచ్చిన 40 లక్షల డాలర్ల కన్నా ఎక్కువ! మగవాళ్లు అందుకు ఒప్పుకొని సంతకం పెట్టారన్నది కూడా మర్చిపోవద్దు.

అడిగేవన్నీ కోట్లలోనే ఉండవు. పీరియడ్స్‌ రోజుల్లో తెల్ల షార్ట్స్‌తో ఇబ్బంది అని ఇంగ్లండ్‌ అమ్మాయిలు చెప్పారు. 2023కి నీలం రంగు షార్ట్స్‌ వచ్చాయి. ఆ జట్టు గోల్‌కీపర్‌ మేరీ ఎర్ప్స్‌ జెర్సీని నైకీ అభిమానులకి అమ్మడం లేదు. ఆమె బయటపడి అడిగింది. లక్షన్నర మందికి పైగా పిటిషన్‌ మీద సంతకం చేశారు. ఫైనల్లో పెనాల్టీ ఆపి, టోర్నీ ఉత్తమ గోల్‌కీపర్‌గా గోల్డెన్‌ గ్లోవ్‌ అందుకున్నాక కంపెనీ దిగొచ్చింది. అమ్మకానికి పెడితే చకచకా అయిపోయాయి.

మన తండా అమ్మాయి

మన దేశం ఇంతవరకూ సీనియర్‌ మహిళల వరల్డ్‌ కప్‌ ఆడలేదు. ఆసియా కప్‌ వరకే మన పరుగు. 2022లో ఆ టోర్నీ మన దగ్గరే, మహారాష్ట్రలో జరిగింది. జట్టులో కోవిడ్‌ పాకి చైనీస్‌ తైపీతో మ్యాచ్‌కి కనీసం 13 మందిని కూడా దించలేకపోయారు. రూల్‌ ప్రకారం మొత్తం టోర్నీ నుంచే అవుట్‌. ఆతిథ్య జట్టు స్టేడియం బయట మిగిలింది.

2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌ మాయిలో లెక్క మారింది. థాయ్‌లాండ్‌ని వాళ్ల సొంత మైదానంలో 2-1తో ఓడించి, క్వాలిఫయర్లు ఆడి ఆసియా కప్‌కి అర్హత సాధించడం మనవాళ్లకి అదే తొలిసారి. రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వే. ఆ జట్టులో గుగులోతు సౌమ్య ఉంది. నిజామాబాద్‌ జిల్లా తండా నుంచి వెళ్లి క్రొయేషియాలో డినామో జాగ్రెబ్‌కి ఆడింది. ఈస్ట్‌ బెంగాల్‌తో ఇండియన్‌ విమెన్స్‌ లీగ్‌ గెలిచింది. 2025లో దేశ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఏఐఎఫ్‌ఎఫ్‌ అవార్డు అందుకుంది. మీలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? నాకూ ఆలస్యంగానే తెలిసింది, సిగ్గుపడుతూనే చెప్తున్నా.

పనిలో పనిగా డేటా సైన్స్‌ నేర్చుకుంటున్నవాళ్లకి ఒక మాట. రెజ్యుమెలో టైటానిక్‌ ప్రయాణికుల డేటాసెట్‌, ఇళ్ల ధరల డేటాసెట్‌ చూసీ చూసీ ఇంటర్వ్యూ చేసేవాళ్లకి విసుగొచ్చేసింది. స్టాట్స్‌బాంబ్‌ అనే సంస్థ 2019, 2023 మహిళల వరల్డ్‌ కప్‌ మ్యాచ్‌ల డేటాని గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టింది. ప్రతి పాస్‌, ప్రతి షాట్‌, మైదానంలో ఎక్కడ, ఏ క్షణాన జరిగిందో జేసన్‌ ఫైళ్లలో ఉంటుంది. పైథాన్‌ వచ్చినవాళ్లు ఒక వీకెండ్‌లో మొదలుపెట్టేయొచ్చు. స్వీడన్‌-అమెరికా మ్యాచ్‌ తీసుకుని ముసోవిచ్‌ ఆపిన 11 షాట్లలో నిజంగా గోల్‌ అవ్వాల్సినవి ఎన్నో లెక్క కట్టండి. ఇంటర్వ్యూలో ఆ కథతో మొదలుపెడితే ఎదుటివాళ్లు ల్యాప్‌టాప్‌ మీంచి తలెత్తుతారు. నా అనుభవం ఇది.

జూనియర్‌ పంపిన మెయిల్‌

మర్నాడు జూనియర్‌కి ఫోన్‌ చేశా. స్పెయిన్‌ 15 మెయిల్స్‌ సంగతి చెప్పా. డెన్మార్క్‌ సంగతి కూడా దాచకుండా చెప్పా. అంతా విని, ‘అక్కా, వాళ్లు స్టార్లు. నేను సెవెన్‌ పాయింట్‌ టూ సీజీపీఏ’ అంది. నిజమే. అలెక్స్‌ మోర్గాన్‌ ఆడిన రోజుల్లో ఆమె లేకపోతే స్టేడియం ఖాళీ అయ్యేది. ఒక ఫ్రెషర్‌ పోతే ఆ సీటులోకి ఇంకో ఫ్రెషర్‌ వస్తారు. నా దగ్గర దానికి జవాబు లేదు. ‘నీకు తప్ప ఇంకెవరికి వచ్చింది ఆ కంపెనీ ఆఫర్‌?’ అని మాత్రం అడిగా.

తొమ్మిది మందికి వచ్చిందట. తొమ్మిది మందికీ అవే డౌట్లు. ఎవరికి వాళ్లు హాస్టల్‌ గదుల్లో కూర్చుని భయపడుతున్నారు. ఆ సాయంత్రం గ్రూప్‌ కాల్‌లో కలిశారు. 14 పేజీలూ పంచుకుని చదివారు. బాండ్‌ ఎందుకు, వేరియబుల్‌ ఎప్పుడిస్తారు, సర్టిఫికెట్లు ఒరిజినల్సే ఎందుకు, జాయినింగ్‌ ఎప్పుడు. నాలుగే ప్రశ్నలు. కోపం లేకుండా, ‘థ్యాంక్యూ ఫర్‌ ద ఆఫర్‌’తో మొదలుపెట్టి ఒక డ్రాఫ్ట్‌ రాశారు. నేను రెండు చోట్ల ‘కైండ్లీ’ తీసేశా, అంతే. ఇద్దరు మాత్రం ఇంట్లో వద్దన్నారని వెనక్కి తగ్గారు. వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు. మిగిలిన ఏడుగురూ ఎవరి మెయిల్‌ నుంచి వాళ్లు అవే మాటలు పంపారు.

నాలుగు రోజులు జవాబు లేదు. ఆ నాలుగు రోజులూ నాకు కూడా సరిగా నిద్ర పట్టలేదు. ఐదో రోజు హెచ్‌ఆర్‌ నుంచి మెయిల్‌ వచ్చింది. సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి చూపించి తీసుకెళ్లిపోవచ్చు. వేరియబుల్‌ ఏడాదికోసారి, రేటింగ్‌ బట్టి. జాయినింగ్‌ 90 రోజుల్లోపు. బాండ్‌ మాత్రం కంపెనీ పాలసీ, మార్చడం కుదరదు. ఆఫర్లు ఎవరివీ పోలేదు.

జూనియర్‌ చేరాలనే నిర్ణయించుకుంది. ఒక్కమ్మాయి మాత్రం రెండేళ్లు కట్టుబడి ఉండలేనని మానేసి, వేరే డ్రైవ్‌లకి వెళ్తోంది. నిన్న రాత్రి జూనియర్‌ మళ్లీ ఫోన్‌ చేసింది. గోల్‌ గీత వీడియో పది సార్లు చూసిందట. ‘నాకైతే దాటనట్టే ఉందక్కా’ అని వాదించింది. నెక్స్ట్‌ వరల్డ్‌ కప్‌ ఎప్పుడని అడిగింది. 2027 జూన్‌ 24 నుంచి, బ్రెజిల్‌లో అని చెప్పా. మన టైమ్‌కి అర్ధరాత్రుళ్లు అవుతాయి మ్యాచ్‌లు. ‘అప్పటికి ఇంకా బాండ్‌లోనే ఉంటా, నైట్‌ షిఫ్ట్‌ అడుగుతాలే’ అంది.